అముద నింపిన డబ్బీ

స్కూలు వరండాలో బల్ల వేసి, దాని మీద తెల్ల మూతల ప్లాస్టిక్ డబ్బీలు బారుగా పెట్టారు. ఒక్కో డబ్బీకి ఒక్కో పేరు అంటించి ఉంది. ఒకప్పుడు నూలుకు రంగులు వేసే కంపెనీలో పనిచేసినవాళ్ళు తలా ఒకటి తీసుకుని, అందులో ఒంటేలు, అంటే మూత్రం, పోసి తెచ్చి ఇవ్వాలి. మదురై నుంచి వచ్చిన డాక్టర్లు దాన్ని పట్టుకుపోయి పరీక్ష చేస్తారు. తిరుమంగళం దాటాక హైవే పక్కనున్న ఆ కాలనీలో ఇలాంటి క్యాంపు పెట్టడం అదే మొదలు.

ఆడవాళ్ళకు నవ్వు ఆగడం లేదు. కన్నమ్మాళ్ తన డబ్బీని ఎండకు ఎత్తి పట్టుకుని చూసింది.

"అప్పట్లో అయితే పరీక్ష దేనికి? మూత తీసి చూస్తే చాలు, ఎవురు ఏ తొట్టి కాడ నిలబడినారో చెప్పేసుండొచ్చు. నాది పసుపు, వీరమ్మది నీలం."

"మా ఆయనది దినానికొక రంగు," అంది వెనకనుంచి ఇంకొకామె. "ఇంటికి రాగానే చూసి చెప్పేదాన్ని, ఈ పొద్దు ఏ చీర నూలు దించినారో."

అది ఉత్త హాస్యం కాదు. కంపెనీ నడిచిన రోజుల్లో పొడి తూచేవాళ్ళకూ, తొట్లలో నూలు చుట్టలు తిప్పేవాళ్ళకూ సాయంకాలానికి గోళ్ళూ ఉమ్మీ ఒంటేలూ అన్నీ ఆ రోజు రంగులోనే ఉండేవి. దానికి ఎవరూ భయపడలేదు. ఒంట్లోకి పోయింది ఒంట్లో నిలవకుండా బయటికి పోతోంది కదా అని నిమ్మళంగా ఉన్నారు. కొత్తగా చేరినవాడికి రంగు రాకపోతే పని దొంగ అని ఎగతాళి చేసేవారు. దిగువ పల్లెల రైతులు బావులు పాడయ్యాయని కోర్టుకెక్కి, ఇరవై ఏళ్ళ కిందట ఆ కంపెనీని మూయించారు. ఇప్పుడు అక్కడ తుమ్మచెట్లు మొలిచిన గోడలు తప్ప ఏమీ లేవు.

వీరమ్మాళ్ నవ్వలేదు. తన పేరున్న డబ్బీని చేతిలో పెట్టుకుని, మూత తిప్పుతూ నిలబడింది.

ఆమె భర్త చిన్నప్పన్ ఆ కంపెనీలో రంగులు కలిపేవాడు. కంపెనీ మూతపడిన చాలా ఏళ్ళకు ఒక పొద్దున అతనికి ఒంటేలు ఎర్రగా వచ్చింది. అతను గట్టిగా నవ్వి భార్యను పిలిచి చూపించాడు. "చూడమే, ముదలాళి సరుకు ఇంకా లోపల మిగిలి ఉండాది. ఇప్పటికి దారి దొరికింది దానికి" అన్నాడు. ముదలాళి అంటే కంపెనీ యజమాని. నాలుగు రోజులకు ఎరుపు పోయింది. పాత రంగు అయిపోయిందని ఇద్దరూ సంతోషపడ్డారు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. వచ్చిన ప్రతిసారీ రంగే అనుకున్నారు, పోయిన ప్రతిసారీ తీరిపోయిందనుకున్నారు. చివరికి నొప్పి తట్టుకోలేక పెద్దాసుపత్రికి పోతే, అది రంగు కాదు నెత్తురని చెప్పారు. మూత్రాశయంలో గడ్డ పెరిగి గోడను తినేసిందట. ఆ తరవాత అతను బతికినన్నాళ్ళూ ఆసుపత్రి వసారాల్లోనే బతికాడు. గొట్టాలు పెట్టినప్పుడు అతను అరిచిన అరుపులు వార్డు బయటికి వినిపించేవి. ఇది ఆరేళ్ళ కిందటి మాట.

అందుకే వీరమ్మాళ్ ఒక నిశ్చయానికి వచ్చేసింది. తనకు ఉంటే ఉండనీ. తెలుసుకోవడం మాత్రం తనవల్ల కాదు.

కానీ జెబమలర్ వదిలే మనిషి కాదు. రెండిళ్ళ అవతల ఉంటుంది. క్యాంపుకు సాయంగా కాలనీలో ఇంటింటికీ తిరిగి చెప్పే పని ఆమెకు ఇచ్చారు. ఆదివారం చర్చికి పోయేటప్పుడు ఎంత శ్రద్ధగా ఉంటుందో ఈ పనిలోనూ అంతే.

"వీరమ్మక్కా, నీదొకటే రావాల. వ్యాను బయలుదేరతా ఉండాది."

"ఇక్కడ అయ్యేది కాదు. ఇంటికి పొయ్యి తెస్తా."

"పో, నేనూ వస్తా. వాకిట్లో ఉంటా."

ఇంటికి వచ్చాక వీరమ్మాళ్ పెరట్లో బట్టలు ఆరేస్తున్న కోడలిని చేత్తో పిలిచి, స్నానాల గది పక్కకు తీసుకుపోయింది. అముద పరాయి పిల్ల కాదు. వీరమ్మాళ్ తమ్ముడు కరుప్పుసామి కూతురు. పుట్టినప్పటినుంచీ వీరమ్మాళ్‌ను అత్తా అనే పిలుస్తోంది. పెళ్ళయ్యాక పిలుపు మార్చాల్సిన పని లేకపోయింది.

"దీంట్లో నువ్వు పొయ్యి."

"ఏంది పోసేది?"

"ఒంటేలు. నాకి రాలే."

"రాలేదా, రానీయలేదా?" అముద డబ్బీ మీది పేరు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అత్తా! నీకి వంట చేస్తా ఉండా, బట్టలు ఉతకతా ఉండా, కాళ్ళు పడతా ఉండా. ఇంక నీ ఒంటేలు కూడా నేనే పొయ్యాలనా?"

"కోడలిని తెచ్చుకునింది దేనికి మరి? గొంతు తగ్గించు, వాకిట్లో ఆ మలర్ నిలబడుకోనుండాది."

"తప్పు కదా ఇది?"

"నాకి బయంగా ఉండాది, అముదా."

ఆ మాటతో అముద ఇంకేమీ అడగలేదు. మామ చివరి రోజుల్లో గుడ్డలు ఉతికింది తనే. డబ్బీ తీసుకుని లోపలికి పోయి, కాసేపటికి మూత బిగించి తెచ్చి ఇచ్చింది. "నాది బంగారం మాదిరి ఉండాది, చూసుకో. నీకి మంచి పేరు వస్తాది" అంది. తిరుమంగళంలో బట్టల కొట్టుకు పోయే వేళ కావడంతో, తల దువ్వుకోవడానికి పరుగెత్తింది.

అముద ఏనాడూ కంపెనీలో పనిచేయలేదు. ఆమెకు డబ్బీ ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. ఆమెకూ తోచలేదు.

కొన్ని వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం జెబమలర్ వచ్చి, చెప్పులు విడిచి, గడప లోపల నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. వీరమ్మాళ్ కొడుకు సెంతిల్ అప్పుడే మాట్టుతావణి మార్కెట్టులో కూరగాయల లోడు దించి, వ్యాను వాకిట్లో ఆపి, అన్నానికి కూర్చున్నాడు.

"అక్కా, నీ డబ్బీలో నలతగా ఉండే కణాలు కనపడినాయంట," అంది జెబమలర్. "నిజంగా గడ్డ ఉండాదా లేదా అని గొట్టం పెట్టి లోపల చూడాలంట. శుక్రవారం పెద్దాసుపత్రికి రమ్మన్నారు."

సెంతిల్ చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. "నాయనకి వొచ్చిందే దానా?"

"అదే అని ఎవురూ చెప్పలే, సెంతిలు. చూడాల అనే చెప్పినారు. మొదట్లోనే దొరికితే తీసేస్తారంట. మీ నాయనకి మాదిరి ఆలస్యం చేయగూడదు, అంతే."

'నాది కాదు' అన్న మాట వీరమ్మాళ్ మనసులో మొదట మెదిలింది. ఒంటిమీద చన్నీళ్ళు పోసినట్టు హాయిగా అనిపించింది. ఆ హాయి రెప్పపాటు కూడా నిలవలేదు. ఆమె తల తిప్పి వంటింటి వైపు చూసింది. అముద గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. గరిటెలోంచి సాంబారు కారి ఆమె కాలి మీద పడుతోంది. ఆమె గమనించుకోలేదు.

సెంతిల్ కంచం ముందు కూర్చుని ఏడవసాగాడు. వీరమ్మాళ్ అతని వీపు నిమిరింది.

సాయంకాలానికి కాలనీ అంతా తెలిసిపోయింది. చూడ్డానికి వచ్చేవాళ్ళు మొదలయ్యారు. కన్నమ్మాళ్ సంచీడు కమలాపండ్లు తెచ్చి, మంచం పక్కన కూర్చుని ముక్కు చీదింది. మేలూరు నుంచి వీరమ్మాళ్ ఆడబిడ్డ తంగమ్మ హార్లిక్స్ సీసాతో, రొట్టెతో దిగింది. వీరమ్మాళ్‌ను మంచం దిగనివ్వలేదు. దిండ్లు ఎత్తుపెట్టి పడుకోబెట్టారు.

"ఎంత చిక్కిపోయింది చూడు," అంది తంగమ్మ.

"నిన్న దాకా లావుగా దానే ఉండింది," అంది కన్నమ్మాళ్. "ఈ నోవు వొస్తే అంతే, ఒక్క రాత్రిలో లాగేస్తాది."

వీరమ్మాళ్ కళ్ళు మూసుకుంది. ఇంత ఆరోగ్యంగా ఉండి ఇంత పరామర్శ పొందడం ఆమెకు ముళ్ళ మీద పడుకున్నట్టుంది. ఆ కళ్ళు మూసుకోవడం చూసి తంగమ్మ ఇంకాస్త ఏడ్చింది.

అందరూ పోయాక ఆమె లేచి, పాలు కాచి, హార్లిక్స్ రెండు చెంచాలు వేసి గట్టిగా కలిపింది. లోటా తీసుకుని పెరట్లోకి పోయింది. అముద గిన్నెలు తోముతోంది.

"తాగు."

"నాకెందుకు?"

"నీకే దా తెచ్చినారు ఇది."

అముద తల ఎత్తలేదు. బొగ్గు పొడితో రుద్దిన గిన్నెనే మళ్ళీ రుద్దింది. "డబ్బీలు కలిసిపొయ్యుంటాయి అత్తా. అంతమందివి. ఎవురిదో ఎవురికో అంటించేసుంటారు."

"ఎప్పుడన్నా ఎర్రగా వొచ్చిందా?"

అముద గిన్నె తిప్పి అడుగు రుద్దసాగింది.

"అముదా."

"రెండు తూర్లు. నెలసరి అనుకున్యా. తేదీ కాదే అనుకున్యా, అయినా ఇంకేమై ఉంటాది? తరవాత పొయ్యేసింది. ఇప్పుడు ఏమీ లే."

వీరమ్మాళ్ తిన్నె మీద కూర్చుంది. పొయ్యేసింది. చిన్నప్పన్ కూడా ఇదే మాట ఎన్నిసార్లు అన్నాడో.

ఆ పిల్లకు ఎలా వచ్చిందన్నది ఆమెకు మొదట అర్థం కాలేదు. పొడి తూచలేదు, తొట్టి దగ్గర నిలబడలేదు. ఆలోచిస్తూ ఉంటే కాలువ గుర్తొచ్చింది. కంపెనీ వెనక గోడలోంచి ఒక లావు గొట్టం బయటికి వచ్చి, కాలనీ పక్కగా పోయే కాలువలో పడేది. రంగు దించిన తొట్ల నీళ్ళు అందులో పొగలు కక్కుతూ వచ్చేవి. కట్టెలు కొనక్కర్లేదు, పొయ్యి ఊదక్కర్లేదు, ఎంతసేపు తోడుకున్నా వేడినీళ్ళు. మార్గళి నెల చలిలో తెల్లవారకముందే ఆడవాళ్ళు పిల్లల్ని చంకనెత్తుకుని అక్కడ వరస కట్టేవాళ్ళు. పిల్లలకు ఆ నీళ్ళంటే ప్రాణం. ఈ రోజు ఏ రంగు వస్తుందా అని పందేలు వేసుకునేవారు. ఆ నీళ్ళు పోస్తే పేలు చస్తాయని, గజ్జి మానుతుందని కూడా చెప్పుకునేవారు. నిజంగానే పేలు చచ్చేవి.

తమ్ముడి భార్య బాలింతగా ఉన్నప్పుడు పసిబిడ్డకు నీళ్ళు పోసే పని మేనత్తగా వీరమ్మాళ్‌దే. కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద పిల్లను బోర్లా వేసుకుని, ఆ వేడినీళ్ళే చెంబుతో పోసేది. పిల్ల ఏడవకుండా నిద్రపోయేది. ఆ తరవాత కంపెనీ మూతపడేదాకా అముద స్నానం ఆ కాలువ గట్టునే.

"కాలువ నీళ్ళు," అంది వీరమ్మాళ్.

"కాలనీ అంతా పోసుకునింది ఆ నీళ్ళు. అందరికీ వొచ్చిందా?"

"అందరికీ డబ్బీ ఇచ్చినారా?"

అముద గిన్నె కింద పెట్టింది. చేతులు కడుక్కుని, హార్లిక్స్ లోటా తీసుకుని, తాగకుండా చేతిలోనే పట్టుకుంది.

"చెప్తా విను అత్తా. శుక్రవారం నువ్వు పో. గొట్టం పెడతారు, లోపల ఏమీ ఉండదు. పొరబాటు అయిపొయ్యిందని వాళ్ళే చెప్పి పంపించేస్తారు. దాంతో అయిపొయ్యింది."

"నీకి?"

"నాకేమి? నేను నడస్తా ఉండా, పనికి పోతా ఉండా. మామ అరిచింది నేను విన్యా. ఆ గొట్టం నాకొద్దు. శబరి ఇప్పుడు దా పదో క్లాసు. ఆయన ఈ పొద్దు కంచం ముందర ఏడిచింది చూసినావు కదా. ఆయనకి చెప్పగూడదు. నాకి మాట ఇయ్యి."

శబరి వాళ్ళ కూతురు. అప్పుడు ట్యూషన్‌లో ఉంది. వీరమ్మాళ్ కోడలి ముఖం చూసింది. ముప్పై ఎనిమిదేళ్ళ ఆడది, తన కాళ్ళ మీద నిద్రపోయిన పసిపిల్లలాగే పెదవి బిగించి ఉంది.

"సెంతిలుకి చెప్పను," అంది వీరమ్మాళ్. "ముందు అది తాగు. చల్లారిపోతాంది."

శుక్రవారం దాకా అలాగే నడిచింది. జనం తెచ్చిన పండ్లు వీరమ్మాళ్ తలగడ పక్కన పేరుకునేవి. వాళ్ళు వీధి మలుపు తిరగగానే ఆమె వలిచి కోడలి చేతిలో పెట్టేది. అముద తిననంటే "నేను తింటే వాంతి అవతాది" అని దబాయించేది. ఒకసారి సెంతిల్ చూసి, అమ్మ తిండి కూడా మానేసిందని బెంగపడి, ఇంకో డజను పండ్లు తెచ్చాడు.

ఆసుపత్రికి ముగ్గురూ వ్యానులోనే పోయారు. సెంతిల్‌కు లోడు ఉండడంతో వాళ్ళను దించి మధ్యాహ్నం వస్తానని పోయాడు. అత్తాకోడళ్ళు పొడుగాటి బల్ల మీద కూర్చున్నారు. అముద ఒళ్ళో అన్నం సంచి ఉంది. నర్సు వచ్చి వీరమ్మాళ్ పేరు పిలిచింది.

వీరమ్మాళ్‌కు ఇంకో దారి ఉంది. లోపలికి పోగానే, ఈ పరీక్ష నాకు కాదు, బయట కూర్చున్న పిల్లకు చెయ్యండి అని చెప్పొచ్చు. దారి పొడుగునా అలాగే అనుకుంది. కానీ డాక్టరమ్మ గదిలో ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. తను చెప్తే వాళ్ళు అముదను పిలుస్తారు. అముద లేచి పోతుంది, కానీ లోపలికి కాదు, బస్సు స్టాండుకు. ఆ గొట్టం ఎంత నొప్పి పెడుతుందో అముదకు చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. తెలిసినవాడు అరుస్తూ పోయాడు. ముందు తనే పెట్టించుకుని చూడాలనుకుంది.

ఆమె చీర మార్చుకుని, వాళ్ళిచ్చిన పచ్చ గౌను తొడుక్కుని, బల్ల ఎక్కి పడుకుంది.

ముందు చల్లటి మందు ఏదో పెట్టారు. తరవాత గొట్టం. అది చిన్నప్పన్‌కు పెట్టినంత లావు లేదు, సన్నంగా ఉంది. మంట పుట్టింది. కడుపు ఉబ్బి, ఇప్పుడే పోయాలన్నంత ఒత్తిడి వచ్చింది. ఆమె పళ్ళు బిగబట్టి ప్రతి ముక్కా గుర్తు పెట్టుకుంది. ఇక్కడ మంట, ఇక్కడ ఒత్తిడి, ఇక్కడ ఏమీ లేదు. తన లోపల ఏముందో చూస్తున్నారన్న భయం మధ్యలో వచ్చింది గానీ, దాన్ని పట్టించుకునే తీరిక ఆమెకు లేకపోయింది.

డాక్టరమ్మ తెర మీద చూసి చూసి, గొట్టం తీసేసి, తమిళంలో చెప్పింది.

"లోపల శుభ్రంగా ఉందమ్మా. ఏమీ లేదు. కానీ ఆ డబ్బీలో అంత స్పష్టంగా కనిపించాయే, అదే నాకు అర్థం కావడం లేదు."

వీరమ్మాళ్ లేచి కూర్చుని గౌను సర్దుకుంది. ఇంట్లో తెలుగే అయినా, తమిళం ఆమెకు బజారు భాష, పని భాష. అందులోనే చెప్పింది.

"ఆ డబ్బీ నాది కాదు డాక్టరమ్మా. నాకి బయమై నా కోడలి చేత పోయించినాను. ఆమె బయట కూర్చోనుండాది."

డాక్టరమ్మ చేతి తొడుగులు తీస్తున్నది ఆపింది. "ఇది ఆట అనుకున్నావా?" అని గట్టిగానే అంది. వీరమ్మాళ్ తల వంచుకుని మాట పడింది. తొడుగులు తీసేసి డాక్టరమ్మ మళ్ళీ అడిగింది.

"ఆమె కంపెనీలో ఎన్నేళ్ళు పనిచేసింది?"

"ఒక్క దినం కూడా లేదు. కాలువ నీళ్ళు పోసుకునింది. పసిపిల్లప్పుడు నేనే పోసినాను. వేడిగా వొచ్చేవి, కంపెనీ నుంచి."

"వాటి వల్లే అని నేను చెప్పలేను," అంది డాక్టరమ్మ నిదానంగా. "కాదని కూడా చెప్పలేను. ఇలాంటి రంగు లోపలికి పోయిన ఇరవై, ముప్పై ఏళ్ళకు కూడా జబ్బు బయటపడొచ్చు. ఆ నీళ్ళు పోసుకున్నవాళ్ళు ఇంకెంతమంది ఉన్నారు?"

"కాలనీ అంతా."

డాక్టరమ్మ కాగితం మీద ఆ మాట రాసుకుంది. తరవాత, "ఆ అమ్మాయిని పిలు" అంది.

"నేనే పిలుస్తా. మీరు పిలిస్తే పారిపోతాది."

వీరమ్మాళ్ గోడ పట్టుకుని మెల్లగా నడిచి వచ్చి, కోడలి పక్కన కూర్చుంది. అముద ఆమె ముఖంలోకి చూసింది.

"ఏమీ లేదన్నారా?"

"నాకి ఏమీ లే."

"చెప్పినా కదా." అముద లేవబోయింది. "పదా, ఆయనకి ఫోన్ చేస్తా."

"కూర్చో. చెప్పేది విను." వీరమ్మాళ్ ఆమె చెయ్యి పట్టుకుంది. "ముందర చల్లగా మందు పెడతారు. అది ఏమీ చెయ్యదు. తరవాత మంట. పచ్చిమిరక్కాయ కోసిన చేత్తో కన్ను నలుపుకున్నట్టు ఉంటాది, ఒక మాటు. తరవాత ఒంటేలు ముంచుకొచ్చినట్టు ఉంటాది, అది పోస్తే పోదు, వాళ్ళు నీళ్ళు నింపతారు కాబట్టి. అంత దా. అన్నం వండే అంతసేపు కూడా పట్టదు. మామకి పెట్టింది ఇది కాదు. ఆయనకి అన్నీ ముదిరిపొయ్యినాక లావుది పెట్టినారు. నేను అరవలేదు. వినపడిందా నీకి?"

"లేదు."

"అరిచుంటే వినపడుండును కదా."

అముద చెయ్యి లాక్కుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చెప్పేసినావా? నాకి మాట ఇచ్చి?"

"సెంతిలుకి చెప్పనని ఇచ్చినా. వాడికి చెప్పలే."

"నువ్వు మోసగత్తెవి అత్తా."

"ఆమా. ఆ డబ్బీ కాడనుంచీ మోసగత్తెనే. దానివల్ల దా నీది దొరికింది. నేను యోగ్యురాలినై నాది నేనే పోసుంటే, నీదెవురు చూసుండురు?"

వసారాలో జనం వస్తూ పోతూ ఉన్నారు. ఎవరిదో స్ట్రెచర్ చక్రాలు కిర్రుమంటూ పోయాయి. అముద ముక్కు తుడుచుకుంది.

"మంట ఎంతసేపు?" అని అడిగింది చివరికి.

"లోపలికి పోయేటప్పుడు దా. తరవాత ఒంటేలుకి పోతే రెండు తూర్లు మంటగా ఉంటాదంట. నాది ఇంకా చూడలే. నీకంటే ముందర పొయ్యి చూసొచ్చి చెప్పనా?"

అముద ఏడుస్తూనే నవ్వింది. అన్నం సంచి అత్త ఒళ్ళో పెట్టి, జడలోని పూలు తీసి దాని మీద ఉంచి, లేచి తలుపు తీసుకుని లోపలికి పోయింది.

గడ్డ ఉంది. కందిగింజంత. గోడ లోపలికి ఇంకా దిగలేదు. తరవాతి వారం చేర్చుకుని, ఆ గొట్టంతోనే గీరి తీసేశారు. ఇక రాదని ఎవరూ మాట ఇవ్వలేదు. మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకోవాలని, ఏళ్ళ తరబడి అలా రావాలని, వచ్చినా చిన్నదిగా ఉన్నప్పుడే పట్టుకోవడానికే ఇదంతా అని చెప్పారు. సెంతిల్‌కు అముదే చెప్పింది, పరీక్ష జరిగిన రోజు మధ్యాహ్నం వ్యానులో కూర్చున్నాక. అతను బండి పక్కకు ఆపి, తల్లినీ భార్యనూ మార్చి మార్చి చూసి, "మీ ఇద్దరినీ నమ్మి నేను కాపురం చేస్తా ఉండా" అన్నాడు. తరవాత అముద చెయ్యి వదల్లేదు, గేరు మార్చాల్సినప్పుడు తప్ప.

అముద ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు కన్నమ్మాళ్ మళ్ళీ వచ్చింది. మంచం మీద అముద, నేల మీద చాట ముందేసుకుని బియ్యం ఏరుతూ వీరమ్మాళ్. కన్నమ్మాళ్ నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"అయితే నీకి ఏమీ లేదా?"

"లేదు."

"నేను నీ మంచం కాడ కూర్చోని ఏడిచిన ఏడుపు?"

"మంచి ఏడుపు. చూసి నాకే బయమేసింది."

"నా కమలాపండ్లు ఎవురు తిన్యారు మరి?"

"తినాల్సినామె దా తినింది," అంది వీరమ్మాళ్, చాట చెరుగుతూ.

కన్నమ్మాళ్ మంచం అంచున కూర్చుంది. కాసేపటికి గొంతు తగ్గించి, "మా పెద్దదాన్ని కూడా ఆ కాలువ కాడనే పెంచినా," అంది. వీరమ్మాళ్ చాట పక్కన పెట్టింది. "అది తిరుప్పూరులో ఉండాది. ఫోన్ చేసి రమ్మని చెప్తా."

రెండో క్యాంపు వానలు పడ్డాక పెట్టారు. ఈసారి కంపెనీలో పనిచేశారా అని ముందు అడగలేదు. ఆ కాలువ పక్కన పుట్టారా, ఆ నీళ్ళు పోసుకున్నారా అని అడిగారు. వరండాలో డబ్బీలు చాలక ఇంకో అట్టపెట్టె విప్పారు. వయసులో ఉన్న ఆడవాళ్ళు, వాళ్ళ అన్నలు, తమ్ముళ్ళు పనులు మానుకుని వచ్చి నిలబడ్డారు. ఎవరూ రంగుల గురించి హాస్యమాడలేదు. జెబమలర్ పేర్లు పిలుస్తూ ఉంది. వీరమ్మాళ్ పేరు కూడా పిలిచింది. గొట్టం పరీక్షలో ఏమీ లేకపోయినా, పని చేసినవాళ్ళు ఏటా ఇవ్వాలని డాక్టరమ్మ మాట.

"అక్కా, ఈ తూరి నేను లోపలికే వస్తా," అంది జెబమలర్. "వాకిట్లో నిలబడేది లేదు."

"రా. వొచ్చి పట్టుకో," అంది వీరమ్మాళ్.

ఇంట్లో స్నానాల గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. డబ్బీ పట్టుకుని కూర్చుంది. రాలేదు. ఈసారి నిజంగానే రాలేదు. బయట అడుగుల చప్పుడయింది.

"అత్తా," అంది అముద తలుపు అవతలనుంచి. "నేను పోసేదా?"

"పో అవతలికి."

"మలర్ అడగతా ఉండాది, ఎంతసేపని."

"వస్తాదని చెప్పు."

అముద పోలేదు. పెరట్లో కుళాయి తిప్పి, కింద బిందె పెట్టి, నీళ్ళు బిందెలో పడే చప్పుడు లోపలికి వినిపించేలా వదిలి, అక్కడే నిలబడింది.